అమ్మ చేయి ఎంతవరకు లేచింది

అశోక్‌నగర్‌లో నాలా పక్క సందులో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఒకటి ఉంది. దాని సెల్లార్‌లో మూడో స్తంభం వెనక గోడకు ఇప్పుడు తెల్ల రంగు వేశారు. ఆ రంగు కింద, లప్పం కింద, సిమెంటు పూత కింద, ఇటుకల మీద పద్నాలుగు బొగ్గు గీతలున్నాయి. అవి అమ్మ కుడిచేతి గీతలు. పోయిన ఎండాకాలం ఆ చేయి ఎంతవరకు లేచిందో చూసి నేను గీసినవి.

అప్పటికి ఆ బిల్డింగుకు మూడు స్లాబులే పడ్డాయి. సెల్లార్‌లో ఇటుకలు పేర్చి, రేకులు అడ్డం పెట్టి నాలుగు గదులు చేశారు. గదికొక జోడి. జోడి అంటే మొగుడూ పెళ్ళామూ. మా పాలమూరు వైపు నుంచి వచ్చేవాళ్ళను మేస్త్రీలు జోడిగానే పనిలో పెట్టుకుంటారు. మగవాడు సిమెంటు మాలు కలిపి ఎత్తుతాడు, ఆడమనిషి తట్ట మోస్తుంది. ఇద్దరిలో ఒకరు పడిపోతే రెండోవాళ్ళకు పనీ ఉండదు, గదీ ఉండదు.

పదో తరగతి పరీక్షలు అయిపోగానే నాయిన ఊరికి వచ్చి నన్ను పట్నం తోలుకొచ్చాడు. అన్నేళ్ళూ అవ్వ దగ్గర ఉండి ఊరి బళ్ళోనే చదివాను. ఇంటర్ మాత్రం పట్నంలో, గవర్నమెంటు కాలేజీలో చదివిస్తానని అమ్మ పట్టు. వచ్చిన రోజే నన్ను నారాయణగూడ దాకా నడిపించుకుపోయి, గేటు బయట నిలబెట్టి కాలేజీ చూపించింది. లోపలికి పోదామా అంటే నేనే వద్దన్నాను. కొత్తవాళ్ళను చూస్తే నాకు గొంతు పెగలదు. నేను చెప్పాల్సినవన్నీ నోటుబుక్కులో రాసుకుంటాను.

అమ్మ పేరు కురుమమ్మ. నేను వచ్చిన ఐదో రోజు, రెండో అంతస్తు మెట్ల మీద తల మీది తట్టతో సహా జారి, కింద పేర్చిన సెంట్రింగు చెక్కల మీద కుడిపక్కకు పడింది. నేను చూడలేదు. చప్పుడు విన్నాను.

ఆసుపత్రిలో మూడు పక్కటెముకలు చిట్లాయన్నారు. రెండు రోజులు ఉంచుకున్నారు. పంపించేటప్పుడు డాక్టరు ఒక కాగితం మీద గబగబా రాసి నాయినకు ఇవ్వబోతే, నాయిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“మా బిడ్డ టెన్త్ చదివింది సార్. ఆమెకియ్యుండ్రి.”

నాయిన అంత గర్వంగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. డాక్టరు నాకు ఏదో చెప్పాడు. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. వెనక పది మంది తోసుకుంటున్నారు. అర్థమైందా అన్నాడు. నేను తల ఊపాను.

బయటికి వచ్చాక నాయిన అడిగాడు, ఏం రాసిండు బిడ్డా అని. నేను కాగితం చూశాను. మాత్రల పేర్లు తెలిశాయి. ‘రెస్ట్’ అనే మాట తెలిసింది. మిగతా ఆరు వరుసలూ చీమలు పాకినట్టు ఉన్నాయి. టెన్త్ చదివిన బిడ్డకు తెలియలేదని ఎట్లా చెప్పను?

“మందులేసుకొని రెస్ట్ తీసుకోమన్నడు,” అన్నాను.

“గంతేనా?”

“గంతే.”

ఆ కాగితాన్ని ఆధార్ కార్డులున్న ప్లాస్టిక్ కవర్లో దాచాను.

పక్క గదిలో మా ఊరి బాలకిష్టమ్మ పెద్దమ్మ ఉండేది. ఊర్లో ఎవరికి కాన్పయినా నడుముకు గుడ్డ కట్టేది ఆమే. అమ్మను చూడగానే పాత నేత చీర ఒకటి జానెడు వెడల్పున చింపింది. కాన్పయిన ఒంటికి బిగువు లేకుంటే పొట్ట జారినట్టు, చిట్లిన బొక్కకు బిగువు లేకుంటే అతకదని చెప్పింది. చంకల కింది నుంచి నడుము దాకా ఆరు చుట్లు చుట్టింది. అమ్మకు వెంటనే నొప్పి తగ్గింది. నిజంగానే తగ్గింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

నాలుగు రోజుల తర్వాత పెద్దమ్మకు చేతులు నొప్పి పుట్టి, ఆ పని నాకు నేర్పింది. పొద్దున్నే అమ్మ నాకు వీపు పెట్టి నిలబడేది. నేను ఒక మోకాలు ఆమె నడుముకు ఆనించి, రెండు చేతులా గుడ్డ కొస పట్టుకునేదాన్ని. అమ్మ ఊపిరంతా బయటికి వదిలేది. పక్కలు లోపలికి పోయిన ఆ క్షణంలోనే గుంజి ముడి వేయాలి. ఆలస్యమైతే అమ్మ మళ్ళీ ఊపిరి తీసుకుంటుంది, గుడ్డ వదులవుతుంది.

“గుంజు,” అనేది అమ్మ. “అన్నం తింటలేవా? ఇంకింత గుంజు.”

మే మొదటి వారంలో మేస్త్రీ ప్రహ్లాద్ వచ్చాడు. చెడ్డవాడు కాదు. వస్తూ అరడజను అరటిపళ్ళు తెచ్చాడు. ఇటుకల మీద కూర్చుని అమ్మ యోగక్షేమం అడిగి, టీ తాగి, అప్పుడు అసలు మాట ఎత్తాడు.

“చెల్లె, నేను కసాయోణ్ణి కాదు. నెలరోజులసంది నీ మొగుణ్ణి, బీరయ్యను, ఒక్కణ్ణే నడిపిస్తున్న. ఐదో స్లాబు జూన్ ఇరవైకి పెట్టిండ్రు. ఆ దినం నువ్వు తట్టల లైన్ల నిలబడాలె. లేకుంటే ఈ రూము ఇంకో జోడికియ్యాలె. సేటు రోజూ అడుగుతుండు.”

అమ్మ నిలబడతానంది. ఆయన అమ్మ చేతిని చూశాడు. తర్వాత స్తంభం పక్కనున్న నన్ను చూశాడు.

“నీ బిడ్డ గూడ మంచిగనే ఎదిగింది కదా,” అన్నాడు.

నేను స్తంభం వెనక్కి పోయాను.

“నా బిడ్డ తట్ట మొయ్యది,” అంది అమ్మ. గట్టిగా అనలేదు.

ఆయన పోయాక అరటిపండు ఒలిచి నా చేతిలో పెట్టింది. రేపటి నుంచి గుడ్డ ఇంకా బిగించాలని చెప్పింది. నేనూ అదే అనుకుంటున్నాను. మరునాడు పొద్దున గుడ్డ గుంజితే నా అరచేతులు ఎర్రబడ్డాయి.

పక్కల్లో నొప్పి మే నెల సగానికే పోయింది. చేయి మాత్రం లేవలేదు. గోడకు ఎదురుగా నిలబడి కుడిచేయి చాపి పైకి లేపమంటే, భుజం ఎత్తు దాకా వచ్చి ఆగిపోయేది. ఇంకా లేపమంటే భుజమే చెవి దాకా ఎగిరేది, మెడ నరాలు తేలేవి, చేయి అక్కడే ఉండేది. వేళ్ళు తగిలిన చోట బొగ్గుతో గీత గీసి పక్కన తేదీ వేసేదాన్ని. ఐదు గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఒకటే లావు గీత అయింది.

బాలకిష్టమ్మ పెద్దమ్మ నారాయణగూడలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్కులో ఊడ్చి తుడిచే పని చేసేది. ఆమె ఊరికి పోతూ ఆ పని నాకు అప్పగించింది. రోజూ ఏడు గంటలకు చిక్కడపల్లి మీదుగా నడిచిపోయేదాన్ని. లైబ్రరీ గేటు తెరవకముందే బయట బ్యాగులు వరుసలో ఉండేవి. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద అక్కలు మెట్ల మీద కూర్చుని, పెదాలు కదిలిస్తూ నోట్సు చదివేవాళ్ళు. వాళ్ళను చూసినప్పుడల్లా కాలేజీ గేటు గుర్తొచ్చేది. జూన్ ముప్పై దాకా చేర్చుకుంటారని అక్కడ బోర్డు పెట్టారు.

క్లినిక్కు మొదటి అంతస్తులో ఉంది. రాగిణి మేడమ్ ఒక్కతే చూస్తుంది. ముప్పై ఏళ్ళుంటాయి, మాట మెత్తగా ఉంటుంది. నాకు భుజం నొప్పులవాళ్ళే కనిపించేవాళ్ళు. గోడకు కప్పీ ఉంది, దాని మీద తాడు. ఒక చేత్తో కిందికి గుంజితే రెండో చేయి పైకి పోతుంది. గచ్చు తుడుస్తూ నేను అదంతా చూసేదాన్ని. ఎన్నిసార్లు, ఎంత సేపు, అన్నీ ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకునేదాన్ని. మేడమ్, మా అమ్మకు చేయి లేవట్లేదు అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. రోజూ మెట్లెక్కేటప్పుడు ఆ మాట నోట్లో తయారుగా ఉండేది. మేడమ్ ‘వచ్చినవా’ అనగానే బకెట్ ఎత్తుకునేదాన్ని.

అడగలేక దొంగిలించాను. సెల్లార్‌లో స్లాబు కొక్కేనికి తాడు వేసి అమ్మ చేత గుంజించాను. రోజుకు యాభై సార్లు. మొదటి వారం గీత మూడు వేళ్ళు పెరిగింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. నిజానికి అమ్మ ఒళ్ళంతా పక్కకు వంచి అందుకుంది. చూసీ చూడనట్టు గీత గీశాను. రెండో వారానికి భుజంలో పోట్లు మొదలయ్యాయి. జడ వేసుకోలేదు, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేదు, అన్నం ఎడమచేత్తో కలిపేది. పన్నెండో గీత మొదటి గీత కంటే కిందికి వచ్చింది.

ఆ రోజు అమ్మ గీత చూసి, “తుడిచెయ్యి దాన్ని,” అంది. నేను తుడవలేదు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. పడుకున్నాక వీపు కదలడం కనిపించలేదు. బతికే ఉందా అని దగ్గరికి పోయి చూశాను. భుజాలు మాత్రం చిన్నగా, గబగబా ఎగురుతున్నాయి.

నాయిన సాయంత్రం వచ్చి తాడు వైపు, గీతల వైపు చూసి, అన్నం తినేవాడు. ఒక రోజు మాత్రం, ఊరికి పోతే పోదాం తీయ్, కందికట్టె ఏరుకొనన్న బతుకుతం అన్నాడు. ఊర్లో మాకు భూమి లేదని ముగ్గురికీ తెలుసు.

ఆ రోజుల్లో నోటుబుక్కులో ఒక మాట రాశాను: ‘అమ్మ స్నానం చేస్తూ విప్పిన చీరను కుడిచేత్తో తడక మీద వేసింది. నేను చూసి అమ్మా అనేసరికి చేయి దించింది. మళ్ళీ లేపమంటే లేవలేదు.’ తడక మా పన్నెండు గీతల కంటే ఎత్తు. అది ఎట్లా జరిగిందో ఆలోచించకుండానే, స్నానం కాగానే తడి ఒంటి మీద గుడ్డ చుట్టి గుంజాను.

జూన్ తొమ్మిదో తారీకున శ్రీపతి గారు వచ్చారు. చిక్కడపల్లిలో తాతల నాటి బట్టల దుకాణం ఆయనది. చలికాలంలో గుండె ఆపరేషన్ అయింది, అప్పటి నుంచి ఎడమచేయి పై అరకు అందట్లేదు. రాగిణి మేడమ్ ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, కప్పీ దగ్గరికి పంపలేదు. వెనక నిలబడి రెండు అరచేతులూ ఆయన పక్కల మీద, చంకలకు కొంచెం కింద పెట్టింది.

“భుజం చూపిద్దామని వస్తే పక్కలు పట్టుకున్నవేందమ్మా? అడ్రస్ తప్పినవా?” అన్నారాయన.

మేడమ్ నవ్వింది. “అడ్రస్ ఇదే అంకుల్. మీ రెక్క ఎముక దేని మీద కూర్చున్నది? పక్కటెముకల మీద. చెయ్యి పైకి పోవాలంటే అది వాటి మీదకెల్లి జారాలె. ఆపరేషన్ అయినసంది కుట్లు గుంజుతయని మీరు ఊపిరి పైపైన తీస్తున్నరు. పక్కలు బిగుసుకుపోయినయి. ఇగ రెక్క యాడికి జారుతది?”

“ఊపిరి తీస్తలేనా? మరి ఎట్ల బతికున్న?”

“మెడతోని తీస్తున్నరు. అద్దంల చూడుండ్రి.”

అద్దంలో నేనూ చూశాను. ఊపిరి తీసిన ప్రతిసారీ ఆయన భుజాలు చెవుల వైపు ఎగురుతున్నాయి. మెడలో రెండు తాళ్ళు తేలుతున్నాయి. పక్కలు రాయిలా ఉన్నాయి. నా చేతిలో తుడుపు గుడ్డ నీళ్ళు కారుతోంది.

నా చేతుల్లోకి ఊపిరి పంపండి అని మేడమ్ చెప్పింది. తొందరేమీ లేదంది. ముందు మొత్తం వదలమంది, తర్వాత పక్కలతో తన చేతులను బయటికి తోయమంది. ఆయన పది నిమిషాలు అదే చేశారు. తర్వాత ఊపిరి లోపలికి పోతుండగా చేయి మెల్లగా లేపమంది.

చేయి చెవి పక్కకు వచ్చింది. ఆయన జోకు ఏమీ వేయలేదు. చేతిని అట్లాగే ఉంచి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ రోజు ఇంటికి పరుగెత్తి, ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం తీశాను. మళ్ళీ చిక్కడపల్లి వచ్చాను. లైబ్రరీ మెట్ల మీద ఒక అక్క టిఫిన్ డబ్బా తెరుచుకుంటోంది. ఆమె ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆమే ఏంది చెల్లె అంది. కాగితం ఇచ్చాను.

కష్టపడకుండానే చదివింది. మాత్రలు, రెస్ట్. తర్వాత వేలు పెట్టి వరుసగా చెప్పింది.

“ఛాతికి గుడ్డ గాని బెల్టు గాని బిగించి కట్టొద్దు. గంటకోసారి పది నిండు ఊపిరులు తీయాలె, నొప్పున్నా సరే. చెయ్యి రోజూ కదిలించాలె.” తల ఎత్తింది. “ఇది ఏప్రిల్‌ది కదా?”

నేను కాగితం వెనక్కి తీసుకున్నాను.

“డాక్టర్ల రాత నాకు గూడ శానాసార్లు అర్థం కాదు,” అంది మెల్లగా. “మళ్ళ అడిగితే చెప్తరు.”

ఇంటికి నడిచాను. సగం తోవలో ఒక మూసిన షట్టరు ముందు కూర్చున్నాను. నేను గుడ్డ కట్టిన పొద్దులు లెక్కపెట్టాను. యాభై ఏడు. అందులో మొదటి ఇరవై పొద్దులు అమ్మ కోసం గుంజాను. మేస్త్రీ నా వైపు చూసిపోయాక గుంజింది అమ్మ కోసం కాదు. స్లాబు లైన్లో అమ్మ నిలబడితే నేను నిలబడక్కర్లేదు. ప్రతి పొద్దూ మోకాలు ఆనించి నా కాలేజీ కోసమే గుంజాను. ఈ మాట ఆ రోజు నోటుబుక్కులో కూడా రాయలేదు.

మరునాడు పొద్దున అమ్మ ఎప్పటిలాగే వీపు పెట్టి నిలబడింది. ఊపిరంతా వదిలింది. నా రెండు చేతుల్లో గుడ్డ ఉంది.

నేను గుంజలేదు.

“ఏమైంది? చెయ్యి నొస్తుందా?” అంది తిరగకుండానే.

ఆమె వీపుకే చెప్పాను. కాగితంలో ఏముందో, ఆ రోజు నాకేం తెలియలేదో, తెలిసినట్టు ఎట్లా చెప్పానో అన్నీ. మేస్త్రీ నన్ను చూసిపోయాక ఎందుకు గుంజానో కూడా చెప్పాను. ఎదురుగా ఉంటే చెప్పగలిగేదాన్ని కాదు. పైన ఎవరో ఇనుప చువ్వ నరుకుతున్నారు.

“ఆ ఆసుపత్రి సిస్టరమ్మ నాకు గూడ చెప్పింది,” అంది చివరికి. “గుడ్డ కట్టొద్దని. నేనే ఇనలే. గుడ్డ లేకుంటే లోపల ఇరిగినట్టుంటది. భయమైతుండె.”

అది నిజమో, నాకోసం అల్లిందో ఇప్పటికీ తెలియదు. ఆ రెండు రోజులూ నేను అమ్మ మంచం వదల్లేదు. నీళ్ళ కోసం రెండుసార్లు కిందికి పోయానంతే.

గుడ్డ ఆరు చుట్లూ విప్పాను. పక్కల మీద నేత పడిన అచ్చులు ఎర్రగా, గళ్ళు గళ్ళుగా ఉన్నాయి. వెనక కూర్చుని మేడమ్ లాగా రెండు అరచేతులు ఆనించాను.

“నా చేతులల్లకు ఊపిరి తియ్యి అమ్మా.”

“చేతులల్లకు ఎట్ల తీస్తరే? ముక్కుతోని తీస్తరు గాని.”

“తియ్యి.”

తీసింది. భుజాలు ఎగిరాయి. నా ఎడమ అరచేతి కింద కొంచెం కదిలింది, కుడి అరచేతి కింద ఏమీ లేదు. మళ్ళీ తీయమన్నాను. దగ్గు వచ్చింది. మళ్ళీ తీయమన్నాను. ఏడో ఊపిరికో ఎనిమిదో ఊపిరికో కుడి అరచేతి కింద, వడ్లగింజంత, ఏదో జరిగింది. అమ్మకూ తెలిసింది. వెంటనే ఏడవడం మొదలుపెట్టింది. నొప్పా అంటే కాదంది. ఎందుకో తెలియదంది. ఏడుస్తుంటే పక్కలు ఇంకా కదిలాయి. నేను చేతులు తీయలేదు.

ఆ రోజే క్లినిక్కులో బకెట్ కింద పెట్టి, మేడమ్ ఎదుట నిలబడి అడిగాను. అన్ని రోజులూ నోట్లో మోసిన మాట. “మేడమ్, మా అమ్మను జర చూస్తరా?” మేడమ్ నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. రేపు ఏడింటికి తీసుకురా, ఎవరూ ఉండరు అంది.

అమ్మను నడిపించుకుపోయాను. మేడమ్ పక్కలు నొక్కి చూసింది, రెక్క ఎముకను వేళ్ళతో పట్టి కదిలించింది. గుడ్డ గురించి విని ఎవరినీ ఏమీ అనలేదు. ఊపిరి ఎట్లా తీయాలో, పక్కకు ఎట్లా పడుకోవాలో, చేయి గోడ మీద ఎట్లా పాకించాలో చూపించింది. తాడు తీసేయమంది. చేయి వస్తుంది, భయం లేదు అంది.

“ఎన్ని దినాలకు తల్లీ?” అని అమ్మ అడిగింది.

“మూడు నెలలు అనుకో.”

“ఇరవై తారీకుకు తట్ట ఎత్తాలె.”

“ఈ ఇరవైకా?” మేడమ్ నా వైపు చూసింది. “వద్దు. ఆ లోపల బరువెత్తితే మళ్ళ మొదటికొస్తది. ఈసారి రాకపోవచ్చు గూడ.”

మెట్లు దిగేటప్పుడు అమ్మ మూడు నెలలు, మూడు నెలలు అని రెండుసార్లు అనుకుంది. కాలేజీ ముందు నుంచే నడిచాం. ఇద్దరం అటు చూడలేదు.

తర్వాత ఎనిమిది రోజులు అమ్మ గంటగంటకూ ఊపిరి తీసింది. పొయ్యి ముందు, బియ్యం చెరుగుతూ, నీళ్ళ డ్రమ్ము దగ్గర. నేను ఇంట్లో ఉన్నంతసేపూ నా చేతులు ఆమె పక్కల మీదే. పదమూడో గీత పాత గీతలన్నిటినీ దాటింది. ఒళ్ళు వంచకుండా, భుజం ఎగరేయకుండా. పద్నాలుగో గీత గీసి దాని పక్కన నిలబడి చూశాను. సరిగ్గా నా తల ఎత్తుకు ఉంది. అక్కడ ఆగింది. తల మీది తట్టను పైవాళ్ళకు అందించాలంటే ఇంకో మూరెడు లేవాలి.

పద్దెనిమిదో తారీకున ప్రహ్లాద్ మేస్త్రీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. ఏమంటవ్ చెల్లె అన్నాడు. నాయిన బీడీ ముట్టించి బయటికి పోయాడు. అమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని లేచింది. ఆ లేవడం చూసి నాకు అర్థమైంది. వస్తానని చెప్పబోతోంది.

“నేనొస్త,” అన్నాను స్తంభం పక్క నుంచి.

నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. మేస్త్రీ అమ్మ వైపు చూశాడు. అమ్మ నేల వైపు చూస్తోంది. ఆయన, ఎవరన్నా అడిగితే పద్దెనిమిదేళ్ళని చెప్పమని నాకు చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేను వెనక కూర్చుని చేతులు ఆనించబోతే అమ్మ జరిగి కూర్చుంది. తనంతట తనే గోడ వైపు తిరిగి ఊపిరి తీసింది. చాలాసేపటికి, తిరగకుండానే అంది.

“ఒక్క స్లాబే. ముప్పై తారీకుకు నువ్వు కాలేజీల ఉండాలె.”

ఆసుపత్రిలో డాక్టరుకు ఊపినట్టే తల ఊపాను.

ఇరవయ్యో తారీకు తెల్లారేసరికి సన్నగా జల్లు పడి ఆగింది. కింద కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతోంది. మెట్ల పొడుగునా జోడీలు వరుసగా నిలబడ్డారు. నాయిన పై మెట్టు మీద ఉన్నాడు, నా వైపు చూడట్లేదు. నేను ఆయన చొక్కా తొడుక్కుని, అమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నిలబడ్డాను. తల మీద పెట్టుకోవడానికి చుట్టబట్ట తెచ్చుకోవడం మరిచిపోయాను. ఆ సంగతి అక్కడికి పోయాకే తెలిసింది.

అమ్మ సెల్లార్‌లోంచి వచ్చింది. చేతిలో గుడ్డ ఉంది, నేను ఆమె పక్కలకు కట్టిన గుడ్డే. ఉతికి ఆరేసి ఉంచిందేమో, మెత్తగా ఉంది. వరుసలో వాళ్ళంతా చూస్తుండగా దాన్ని చుట్టలు చుట్టలుగా మడిచింది. ఆరు చుట్లు. కొసను లోపలికి దోపింది.

నా ముందు నిలబడి ఊపిరి మొత్తం వదిలింది. తర్వాత తీసుకుంది. జాకెట్టు కింద ఆమె పక్కలు రెండు వైపులా తెరుచుకోవడం నాకు కనిపించింది. భుజం ఎగరలేదు. మెడ నరాలు తేలలేదు. కుడిచేయి మెల్లగా పైకి వచ్చింది. నడుము దాటింది, భుజం దాటింది, పద్నాలుగో గీత ఎత్తుకు వచ్చి ఆగింది.

చుట్టబట్టను నా తల మీద పెట్టి, అది కదలకుండా ఒకసారి అరచేత్తో నొక్కింది.

“ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకు బిడ్డా,” అంది.

కింది మెట్టు నుంచి మొదటి తట్ట వచ్చింది.